స్టెంట్ తర్వాత ఎల్‌డీఎల్ 78: ఇంకో మాత్ర ఎందుకు? పిక్క నొప్పికి స్టాటిన్ ఆపొచ్చా?

పెన్నాతీరం:

మా నాన్నగారికి 54 ఏళ్లు. గుండెపోటు వస్తే ఎల్‌ఏడీలో (గుండె ముందువైపు రక్తనాళంలో) ఒక స్టెంట్ వేశారు, రెండున్నర నెలలు దాటింది. అప్పటిదాకా రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవారు, ఇప్పుడు మానేశారు. ఈఎఫ్ (గుండె పంపింగ్) 50 శాతం.

ఆస్పత్రిలో చేరిన రోజు రిపోర్టు: మొత్తం కొలెస్ట్రాల్ 236, ట్రైగ్లిజరైడ్స్ 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158. పోయిన వారం చేయిస్తే అవే వరుసగా 154, 190, 38, 78. ఎస్‌జీపీటీ (లివరు పరీక్ష) 61, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 6.1, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.0.

రిపోర్టులో ఎల్‌డీఎల్ పక్కన "100 లోపు" అని అచ్చేసి ఉంది. 78 అంటే బాగానే ఉన్నట్టు కదా? అయినా కార్డియాలజిస్టుగారు ఎజెటిమైబ్ 10 అని ఇంకో మాత్ర రాశారు. ఇది అవసరమా?

రెండో సంగతి. నెల రోజులుగా నడుస్తుంటే పిక్క పట్టేస్తోందట, కాసేపు నిలబడితే పోతుందట. కొలెస్ట్రాల్ మందు వల్లేనని ఎవరో చెబితే ఆరు రోజుల కిందట ఆ క్యాప్సూల్ ఆపేశారు. నాకు నిన్ననే తెలిసింది. మిగతావి (మెటోప్రొలాల్, రామిప్రిల్, పాంటాప్రజోల్) వేసుకుంటున్నారు. ఆపినా నొప్పి అలాగే ఉందంటున్నారు. బంధువొకాయన ఏమో స్టాటిన్‌తో (ఆ కొలెస్ట్రాల్ మందుతో) షుగరొస్తుంది, లివరు పోతుంది, గుగ్గులు, వెల్లుల్లి చాలు అంటున్నారు. ఏం చేయమంటారు?

చీటీ చదివేవాడు:

ఎల్‌డీఎల్ సంగతి తర్వాత. ముందు ఆ క్యాప్సూల్ స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్నక్షరాల్లో ఏముందో చదవండి. మీరు రాసిన మిగతా మాత్రల్లో ఆస్పిరిన్ లేదు, క్లోపిడోగ్రెల్ లేదు, టికాగ్రెలార్ లేదు. రెండున్నర నెలల స్టెంట్ ఉన్న మనిషి చీటీలో ఇవి లేకుండా ఉండవు. కాబట్టి ఆ క్యాప్సూల్లోనే ఉండి ఉంటాయి. మన దగ్గర స్టాటిన్, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 మూడూ కలిపి ఒకే క్యాప్సూల్‌గా వస్తాయి, చాలా కంపెనీలు దాని పేరు చివర "గోల్డ్" అని తగిలిస్తాయి. ఇంట్లో వాళ్లు దాన్ని "కొలెస్ట్రాల్ బిళ్ల" అని పిలుచుకుంటారు. నొప్పని అది ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాసే మందులు రెండూ ఆగిపోతాయి.

ఈ రెండు మందులూ ప్లేట్‌లెట్‌ను (రక్తం గడ్డకట్టించే కణాన్ని) అది బతికినంత కాలం పనిచేయకుండా చేస్తాయి. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. మందు ఆపాక రోజూ కొత్తవి పుట్టుకొస్తుంటాయి, అయిదారు రోజులకల్లా రక్షణ చాలావరకు పోయినట్టే. గుండెపోటుకు వేసిన స్టెంట్‌కు ఈ జంట సాధారణంగా ఏడాది సాగాలి. స్టెంట్ మూసుకుపోతే అది ఇంకో గుండెపోటే.

కాబట్టి ఇవాళే ఆస్పత్రికి ఫోన్ చేసి "ఆరు రోజులు మానేశారు" అని రోజులతో సహా చెప్పండి. క్లోపిడోగ్రెల్ మామూలు 75తో మొదలుపెట్టాలా, ఒకేసారి ఎక్కువ మోతాదు వేసి మొదలుపెట్టాలా అన్నది వాళ్లు చెప్పాలి, ఇంట్లో తేల్చుకునేది కాదు. ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే సొంత కారు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

పెన్నాతీరం:

మీరన్నట్టే ఉందండి. రోసువాస్టాటిన్ 20, ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75. ఫోన్ చేశాను, వెంటనే తీసుకురమ్మన్నారు, బయల్దేరుతున్నాం. అక్కడ ఏమేం అడగాలో రాసి పెట్టగలరా?

చీటీ చదివేవాడు:

ఒకటే అడగండి: క్యాప్సూల్ విడగొట్టమని. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన మాత్ర ఒకటి, రోసువాస్టాటిన్ వేరే మాత్ర. అప్పుడు స్టాటిన్ తగ్గించినా, మార్చినా, కొన్నాళ్లు ఆపి చూసినా స్టెంట్ మందు కదలదు. చీటీ మారిన రోజే పాత క్యాప్సూల్ స్ట్రిప్పులు ఇంట్లోంచి తీసేయండి. ఇక్కడ జరిగే పొరపాటు ఇదే: పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు, రోసువా 40 అయి కూర్చుంటుంది, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెట్టింపై కడుపులో రక్తస్రావం కావొచ్చు.

కడుపులో ఆమ్లం తగ్గించడానికి పాంటాప్రజోల్ సరైన ఎంపికే. షాపులో అది లేదని ఒమెప్రజోల్ గానీ ఎసోమెప్రజోల్ గానీ అంటగడితే తీసుకోవద్దు. క్లోపిడోగ్రెల్ లివర్లో మార్పు చెందాకే పనిచేస్తుంది, ఆ మార్పు చేసే ఎంజైమును ఈ రెండూ అడ్డుకుంటాయి. గ్యాస్ అని తెల్లటి యాంటాసిడ్ సిరప్ తాగే అలవాటుంటే, రోసువా వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి. రెండూ కలిపి వేసుకుంటే అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్ రోసువా ఒంటికి పట్టడాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్ అనుకున్నంత దిగని వాళ్లలో దీన్ని ఎవరూ అడగరు.

సీరం:

ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు. "100 లోపు" అని అచ్చేసేది గుండెజబ్బు లేని మామూలు మనిషిని ఉద్దేశించి. మా సాఫ్ట్‌వేర్‌కు మీ నాన్నగారికి స్టెంట్ ఉందని తెలియదు. చీటీ రాసే డాక్టరు చూసేది రోగిని బట్టి ఉండే లక్ష్యం. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గుండెపోటు వచ్చిన వాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి. యూరప్ వాళ్లు 2019లోనే 55 అన్నారు, దాంతో పాటు మొదటి అంకెలో సగానికైనా తగ్గాలన్నారు. మీ లెక్కలో 158 నుంచి 78, అంటే సగానికి తగ్గింది. 55కి మాత్రం ఇంకా దూరం.

ఆ 78 కూడా నేరుగా కొలిచింది కాదు. 154లోంచి హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు 38 తీసేస్తే 78. చాలా ల్యాబులు ఇలాగే లెక్కగడతాయి. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క చెల్లదు. ఎల్‌డీఎల్ బాగా కిందికి దిగి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగానే ఉన్నప్పుడు కూడా అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, లక్ష్యం చేరామనే భ్రమ కలుగుతుంది. అందుకని నాన్-హెచ్‌డీఎల్ చూసుకోండి: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయడమే. 154 మైనస్ 38, అంటే 116. అది 85 లోపు రావాలి. దీనికి పరగడుపున రావాల్సిన పని కూడా లేదు.

చేరిన రోజు శాంపిల్ తీసి ఉండటం మంచిదైంది. గుండెపోటు వచ్చిన 24 గంటల తర్వాత ఎల్‌డీఎల్ దానంతటదే పడిపోయి కొన్ని వారాలు అలాగే ఉంటుంది. డిశ్చార్జి రోజు తీసిన శాంపిల్ చూసి "మీకు కొలెస్ట్రాల్ లేదు" అనుకునేవాళ్లు చాలామంది.

ఇప్పుడు సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) చేయించబోతే ముందు రెండు రోజులు బరువులెత్తడం, గట్టి వ్యాయామం వద్దు. తొడకో పిరుదుకో ఇంజెక్షన్ పడినా సీకే పెరుగుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా అదే రక్తంలో చేయించండి. థైరాయిడ్ తక్కువుంటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, స్టాటిన్ మీద కండరాల నొప్పులూ ఎక్కువవుతాయి. ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొలెస్ట్రాల్ కణం) కూడా. ఇది పుట్టుకతో వచ్చేది, స్టాటిన్‌తో దిగదు, 50 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం ఎక్కువ. జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు.

గుంటూరు స్టెత్:

పిక్క నొప్పి గురించి. మీరు రాసిన తీరు చదివితే నాకు స్టాటిన్ కన్నా కాలి రక్తనాళం మీదే అనుమానం.

స్టాటిన్ వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు వైపులా సమానంగా, తొడలు, పిరుదులు, భుజాల వంటి పెద్ద కండరాల్లో ఉంటుంది. మందు మొదలెట్టిన లేదా పెంచిన నాలుగైదు వారాల్లో వస్తుంది, ఆపితే రెండు వారాల్లో తగ్గుతుంది. కూర్చున్నా పడుకున్నా సలుపుతూనే ఉంటుంది. నడిస్తేనే వచ్చి, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయి, మళ్లీ అంతే దూరానికి వచ్చే నొప్పి వేరు. అది కాలికి రక్తం చాలక వచ్చేది. గుండె రక్తనాళం పూడిన మనిషికి, అందులోనూ పెట్టెలకొద్దీ సిగరెట్లు కాల్చిన మనిషికి, కాలి నాళం కూడా పూడటం అరుదేమీ కాదు. ఏ కాలు, ఎంత దూరానికి అని అడగండి. ఎక్కువగా ఒక కాలే అయితే అనుమానం ఇంకా బలపడుతుంది.

తేల్చే పరీక్ష చాలా చౌక. పడుకోబెట్టి చేతి బీపీ, చీలమండ దగ్గర బీపీ చిన్న డాప్లర్ పెన్నుతో కొలుస్తారు. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తే 1 దగ్గర రావాలి. 0.9 గానీ అంతకు తక్కువ గానీ వస్తే కాలి ధమనిలో అడ్డు ఉన్నట్టు. షుగరు ముదిరిన వాళ్లలో, కిడ్నీ జబ్బున్న వాళ్లలో నాళం గోడ సున్నం పట్టి గట్టిపడి 1.4 పైన రావొచ్చు, అప్పుడు ఆ అంకెను నమ్మకూడదు. మీ నాన్నగారికి ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు.

స్టాటిన్ మీద నెపం మోపడం గురించి ఒక మాట. బ్రిటన్‌లో 2020లో శాంసన్ అని ఒక చిన్న ట్రయల్ చేశారు. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ ఇచ్చి రోజూ బాధకు మార్కులు వేయించారు. స్టాటిన్ నెలల్లో పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు, నొప్పి నిజమే. కారణం మందు కాకపోవచ్చు. అలాగని కండరం నిజంగా దెబ్బతినే సందర్భాలు లేకపోలేదు. సీకే మామూలు పై హద్దుకు పది రెట్లు దాటినా, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా స్టాటిన్ ఆపి ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఎజెటిమైబ్ అవసరమా అంటే, అవును. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే దిగుతుంది. ఎందుకంటే స్టాటిన్ లివర్లో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటుంది, లివరు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కోడానికి రిసెప్టర్లు పెంచుకుంటుంది, కానీ తయారీ తగ్గేకొద్దీ పేగుల్లోంచి పీల్చుకోవడం పెరుగుతుంది. ఎజెటిమైబ్ ఆ పేగు ద్వారాన్నే మూస్తుంది, ఇంకో 20 శాతం దాకా దింపుతుంది. 78లో 20 శాతం తీస్తే 62. రోసువాను 40 చేస్తే 70 దగ్గర ఆగుతుంది, పైగా మన ఆసియా వాళ్ల రక్తంలో ఒకే మోతాదుకు రోసువా పాశ్చాత్యుల కన్నా దాదాపు రెట్టింపు చేరుతుంది. నేనైతే 40 జోలికి పోను. కొరియాలో 3,780 మంది గుండె రోగుల మీద చేసి 2022లో ప్రచురించిన రేసింగ్ ట్రయల్లో రోసువా 10తో ఎజెటిమైబ్ 10 కలిపి ఇచ్చినవాళ్లు, రోసువా 20 ఒక్కటే వేసుకున్నవాళ్ల కన్నా మూడేళ్లలో ఏమాత్రం వెనకబడలేదు. మందు పడక ఆపిన లేదా తగ్గించినవాళ్లు మొదటి గుంపులో 4.8 శాతం, రెండో గుంపులో 8.2 శాతం. నిజంగా స్టాటిన్ నొప్పే అని తేలినా దారి అదే: మోతాదు తగ్గించి ఎజెటిమైబ్ కలపడం. స్టాటిన్ ఎత్తేయడం కాదు.

ఎస్‌జీపీటీ 61కి భయపడొద్దు. పై హద్దు 40 అనుకుంటే మూడు రెట్లు, అంటే 120 దాటి మళ్లీ చేయించినా అలాగే ఉంటేనే ఆలోచిస్తాం. ట్రైగ్లిజరైడ్స్ 190, హెచ్‌బీఏ1సీ 6.1 చూస్తే అది కొవ్వు పట్టిన లివరులా ఉంది, దానికి స్టాటిన్ ఆపక్కర్లేదు. షుగరు మాట పూర్తిగా అబద్ధం కాదు: 2010లో పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే 255 మందికి నాలుగేళ్లు స్టాటిన్ ఇస్తే ఒకరికి అదనంగా షుగరు తేలింది. మోతాదు పెద్దదైతే ఆ ప్రమాదం కొంచెం ఎక్కువ. ఎక్కువగా 6.1 లాంటి అంచున ఉన్నవాళ్లే గీత దాటుతారు. అదే స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ ప్రతి 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటివి అయిదో వంతుకు పైగా తగ్గుతాయి. మీ నాన్నగారికి ఏది పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

చిరుధాన్యం:

గుగ్గులు సంగతి: అమెరికాలో 2003లో ట్రయల్ చేస్తే ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. వెల్లుల్లి కూరలో వేసుకోండి, మందుగా లెక్కేయకండి. "సహజమైనది" అని ఎర్ర ఈస్టు బియ్యం క్యాప్సూల్స్ అమ్ముతారు, అందులో ఉండే మొనకోలిన్-కె అచ్చంగా లోవాస్టాటినే, మోతాదు ఎంతుందో తెలియకుండా. ఇప్పటికే స్టాటిన్ వేసుకునేవాళ్లు దాన్ని కలపకూడదు.

తిండితో ఎల్‌డీఎల్ 10, 15 శాతం దిగితే గొప్ప. అయినా పామాయిల్, డాల్డా, పచ్చికొబ్బరి చట్నీలు, పప్పులో గరిటెడు నెయ్యి తగ్గించండి. ఇంట్లో మనిషికి నెలకు నూనె అర లీటరు దాటుతోందేమో సీసా పెట్టి లెక్క చూడండి, ఆవకాయ పైన తేలే నూనె కూడా అందులో కలిపి. ట్రైగ్లిజరైడ్స్ 190కి కారణం నూనె కన్నా రెండు పూటలా తెల్లన్నం, టీలో చక్కెర, మద్యం తాగితే మద్యం. రాత్రి అన్నం సగం చేసి ఆ చోట పప్పు, కూర, శనగలు, బొబ్బర్లు పెంచండి.

పెన్నాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. ఈసీజీ మామూలుగానే ఉంది. క్లోపిడోగ్రెల్ అక్కడే మళ్లీ మొదలుపెట్టించారు, క్యాప్సూల్ విడగొట్టారు. సీకే 148, టీఎస్‌హెచ్ 2.6. చీలమండ లెక్క కుడికాలు 1.04, ఎడమకాలు 0.78. నొప్పి కూడా ఎడమ పిక్కలోనేనట, వీధి చివరిదాకా వెళ్లేసరికి వస్తుందట. రోసువా 20 కొనసాగించి ఎజెటిమైబ్ కలిపారు. కాలికి కూడా స్టెంట్ వేయాల్సి వస్తుందా? ట్రైగ్లిజరైడ్స్‌కు ఫెనోఫైబ్రేట్ వాడమని మందుల షాపతను అంటున్నాడు.

గుంటూరు స్టెత్:

0.78 అంటే ఓ మోస్తరు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నొప్పి, వేలు నల్లబడటం, మానని పుండు లేనంతవరకు ముందు మందులు, నడక. నడక అంటే మామూలు షికారు కాదు. నొప్పి మొదలైనా ఆగకుండా, గట్టిగా పట్టేసేదాకా నడవాలి. అప్పుడు నిలబడాలి, పూర్తిగా పోయాక మళ్లీ నడవాలి. ఇలా విరామాలతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడుసార్లు, 12 వారాలు. నొప్పి రాకముందే ఆగితే ఉపయోగం తక్కువ. గుండెపోటు కొత్తది కాబట్టి ఎంత వేగంతో మొదలెట్టాలో కార్డియాలజిస్టును అడిగి మొదలుపెట్టండి, నడుస్తుండగా ఛాతీలో పట్టేస్తే వెంటనే ఆపాలి. సిలోస్టజోల్ అనే మాత్ర నడిచే దూరాన్ని కొంత పెంచుతుంది గానీ గుండె వైఫల్యం ఉంటే ఇవ్వకూడదు, రక్తం పలచన చేసే రెండు మందులున్న మనిషికి ఇప్పుడే తొందరపడి ఇవ్వరు. రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోమనండి. చెప్పుల్లేకుండా తిరగొద్దు.

190కి ఫెనోఫైబ్రేట్ వద్దు. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే పాంక్రియాస్ వాపు భయంతో ఇస్తాం. అంతకు లోపు స్టాటిన్ పైన ఫైబ్రేట్ కలిపితే గుండెపోట్లు తగ్గుతాయని చూపించబోయిన రెండు పెద్ద ట్రయల్స్, 2010లో అకార్డ్, 2022లో ప్రామినెంట్, చూపించలేకపోయాయి. అదే రకానికి చెందిన జెమ్‌ఫిబ్రోజిల్ అయితే స్టాటిన్‌తో అసలు కలపకూడదు, కండరాలు కరిగే ప్రమాదం ఉంది.

ఇంకోటి. మగవాళ్లకు 55 ఏళ్ల లోపు గుండెపోటు వస్తే పిల్లల్లోనూ తోబుట్టువుల్లోనూ కొలెస్ట్రాల్ చూడాలి. మీరు కూడా ఒకసారి చేయించుకోండి. ఎల్‌డీఎల్ 190 దాటితే వంశపారంపర్యం అనుమానించాలి.

చీటీ చదివేవాడు:

రోసువా, ఎజెటిమైబ్ రెండూ కలిసిన ఒకే మాత్ర దొరుకుతుంది, ఏ పూటైనా వేసుకోవచ్చు, తిండితో పనిలేదు. రాత్రే వేసుకోవాలన్నది సింవాస్టాటిన్ లాంటి తక్కువసేపు పనిచేసే వాటికి. రోజూ మరిచిపోని పూట పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) కింద స్టెంట్ వేయించి ఉంటే ఫాలోఅప్ మందుల ప్యాకేజీ సంగతి ఆస్పత్రిలో ఆ పథకం సహాయకుణ్ని అడగండి. కాకపోతే జన ఔషధి కేంద్రంలో రోసువాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ జెనరిక్ తీసుకోండి. బ్రాండు కాదు, స్ట్రిప్ వెనక మిల్లీగ్రాములు సరిపోల్చుకోండి.

లిపిడ్ పరీక్ష 6 నుంచి 8 వారాలకు, ఎస్‌జీపీటీతో కలిపి. మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూసుకుని వెళ్లండి, సగం స్ట్రిప్ మిగిలి ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. అప్పటికీ 55 పైన, నాన్-హెచ్‌డీఎల్ 85 పైన ఉంటే తర్వాతి మెట్టు బెంపెడోయిక్ యాసిడ్ 180. అది ఇంకో 17 శాతం దాకా దింపుతుంది, 62 ఉంటే 51కి వస్తుంది. అది కండరాల్లో క్రియాశీలం కాదు కాబట్టి నొప్పుల గొడవ తక్కువ. అయితే యూరిక్ యాసిడ్ పెంచుతుంది. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లకు బొటనవేలు వాచి మూల కూర్చోబెట్టొచ్చు. అందుకని వచ్చే రక్తపరీక్షలోనే యూరిక్ యాసిడ్ కూడా చేయించి ఉంచుకోండి.

రెండు వారాలకోసారి వేసే ఎవోలోక్యుమాబ్, మొదటి రెండు డోసుల మధ్య మూడు నెలలు, తర్వాత ఆరు నెలలకోసారి వేసే ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఎల్‌డీఎల్‌ను సగానికో అంతకన్నా ఎక్కువో దింపుతాయి. ఖరీదు ఎక్కువ. మీ అంకెలకు అంతదాకా రాకపోవచ్చు, లైపోప్రోటీన్-ఎ రిపోర్టు ఏమొచ్చిందో మాత్రం ఇక్కడ రాయండి.